కప్పేసి మరిచిపోతే కుదరదు: నిలవ ఉంచిన కారవాన్ పెయింట్ సంగతి

2023 దసరాకి విజయవాడ పక్కన నున్న అనే ఊరి దగ్గర మా తమ్ముడి మామిడి తోటకెళ్ళి, ఏడు నెలలుగా కప్పి ఉంచిన మా కారవాన్ (పడకా వంటా అన్నీ లోపలే ఉండే బండి) మీది నీలం పట్టా లాగాం. ముందు వాసన కొట్టింది, తడిసి ఆరని గోనెసంచుల వాసన. తరవాత బండి కనపడింది. టాప్ అంచుల పొడుగునా, తాళ్ళు బిగించి కట్టిన ప్రతిచోటా పెయింట్ అరిగిపోయి లోపలి బూడిదరంగు ప్రైమర్ బయటపడింది. కింది సగం ముదురు నీలం. దాని మీద ఆవగింజల్లాంటి పొక్కులు. తడిమితే అప్పడం మీద చెయ్యి వేసినట్టుంది. వెనక తలుపు మీద తెల్లగా మబ్బు పట్టినట్టు ఒక మచ్చ, ఎంత తుడిచినా కదల్లేదు. మావారు కాసేపు చూసి, "ఊరికే ఎండలో వదిలేసినా ఇంతకన్నా బాగుండేదేమో" అన్నారు.

ఎగతాళికే అన్నారు కానీ అదే నిజమని తరవాత తెలిసింది. ఆటోనగర్‌లో పెయింటర్ బండి చుట్టూ ఒక్కసారి తిరిగి, "టీచర్ గారూ, మీరు బండిని కప్పలేదండీ, ఇడ్లీ పాత్రలో పెట్టి మూత పెట్టారు" అన్నాడు. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో భౌతిక శాస్త్రం చెప్పినదాన్ని. ఆవిరి, చెమ్మ, ఘనీభవనం అన్నీ బోర్డు మీద బొమ్మలు వేసి మరీ చెప్పినదాన్ని. ఆ మాటకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మాది పాత ట్రావెలర్ బండి. 2022లో కొని మంచాలు, చిన్న వంటగట్టు, సింకు, పైన సోలార్ పలక పెట్టించుకున్నాం. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా తిరుగుతాం. మార్చి వచ్చిందంటే తోటలో పెట్టేసి అక్టోబరు దాకా ఇంటిపట్టునే ఉంటాం. విజయవాడ ఎండల్లో రేకు బండిలో పడుకునే ధైర్యం మాకు లేదు. అంటే ఏడాదిలో ఎనిమిది నెలలు అది కదలకుండా నిలబడే ఉంటుంది. ఆ ఎనిమిది నెలల్లో పెయింట్‌ని ఎలా కాపాడుకోవాలో నేను నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను. పిల్లలు అమెరికాలో ఉండి కారు సెల్లార్లో మూలన పడి ఉన్నవాళ్ళకి కూడా ఇందులో చాలా భాగం పనికొస్తుంది.

పైన ఎంత పొర ఉందో తెలిస్తే భయం వేస్తుంది

రేకు మీద ప్రైమర్, దాని మీద రంగు, ఆ పైన లక్కర్. పెయింటర్లు లక్కర్ అనేది రంగులేని పారదర్శక పొరని. కంపెనీ పెయింట్‌లో అన్నీ కలిపి మందం సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు. అంటే రెండు తలవెంట్రుకలు ఒకదాని మీద ఒకటి పెట్టినంత. అందులో లక్కర్ వాటా 40, 50 మైక్రాన్లు. మెరుపూ రక్షణా అన్నీ ఆ పొరే. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఆ పొరలోని రెసిన్ బంధాలని మెల్లగా తెంపుతాయి. ముందు మెరుపు తగ్గుతుంది, తరవాత పాలిపోతుంది, చివరికి పొలుసులుగా ఊడుతుంది. పైన ఏసీ మూత, టాప్ పెంచిన భాగం ఫైబరైతే దానికి సంగతి వేరు. ఫైబర్ ఎండకి సుద్ద పట్టినట్టవుతుంది. వేలితో రాస్తే తెల్లటి పొడి అంటుకుంటుంది.

మన ఊళ్ళో ఇంకో విషయం ఉంది. విజయవాడ పదహారున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి మే మొదటి వారంలోనూ, ఆగస్టు మొదటి వారంలోనూ మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. మే అంటే మబ్బు కూడా ఉండదు. కాబట్టి దెబ్బంతా టాప్‌కే. మనం ఎప్పుడూ చూడనిది టాప్‌నే. పక్కల్ని అద్దంలా తుడుచుకుని మురిసిపోతాం, నిచ్చెనెక్కి పైకి చూసేవాళ్ళు పదిమందిలో ఒకరుంటారేమో.

అయినా ఎండ మెల్లగా చంపుతుంది, ఏళ్ళు పడుతుంది. చెమ్మ, రాపిడి, పిట్టల రెట్ట అలా కాదు, ఒక్క సీజన్లో పని కానిచ్చేస్తాయి. మా బండి విషయంలో జరిగింది అదే. పట్టా లోపలికి గాలి ఆడలేదు. కింద తడి నేల. పగలు ఎండకి ఆ తడి ఆవిరై పైకొచ్చి, రాత్రి పట్టా లోపలి వైపు నీటి బొట్లుగా పేరుకుని, మళ్ళీ బాడీ మీద పడింది. ఏడు నెలలు రోజూ ఇదే తంతు. ఆ చెమ్మ పెయింట్ పొరలోకి దిగి పొక్కులు లేపింది. పైగా గాలికి పట్టా కొట్టుకుంటుంటే కింద ఉన్న దుమ్ము ఉప్పు కాగితంలా పనిచేసింది. నీలం సగం కొత్తగా వేయించిన పెయింట్ కావడం వల్ల పొక్కులు అక్కడే ఎక్కువ వచ్చాయి. మీరూ ఈ మధ్యే ఎక్కడైనా పెయింట్ వేయించి ఉంటే కనీసం నెలన్నర, రెండు నెలలు దాన్ని కప్పకండి, మైనం పూయకండి. లోపలి ద్రావకాలు బయటికి పోవాలి.

కడగడం

బండిని నిలవ పెట్టే ముందు ఒకరోజంతా దీనికే కేటాయించండి. ఉదయం ఆరింటికి మొదలుపెట్టి, బాడీ మీద చెయ్యి పెడితే వెచ్చగా తగిలే లోపు అవ్వగొట్టాలి. వేడి రేకు మీద షాంపూ అయినా నీళ్ళయినా క్షణంలో ఆరిపోయి మచ్చలు పడతాయి.

సర్ఫ్ వద్దు. గిన్నెల సబ్బు వద్దు. అవి జిడ్డుతో పాటు పాత మైనాన్ని కూడా ఊడ్చేస్తాయి. కార్ షాంపూ చిన్న సీసా కొనుక్కోండి. రెండు బకెట్లు పెట్టుకోండి, ఒకదాంట్లో షాంపూ నీళ్ళు, ఇంకోదాంట్లో మామూలు నీళ్ళు. గుడ్డ బండి మీద రుద్దిన ప్రతిసారీ ముందు మామూలు నీళ్ళలో జాడించి, ఆ తరవాతే షాంపూలో ముంచాలి. ఈ ఒక్క అలవాటు లేకపోవడం వల్లే మన బండ్ల మీద ఎండలో సాలెగూడులాంటి గీతలు కనిపిస్తాయి. పైనుంచి కిందికి, టాప్ ముందు, చక్రాల దగ్గర ఆఖరున. చక్రాలకి వాడిన గుడ్డ మళ్ళీ బాడీ మీదకి రాకూడదు. మావారు అది మరిచిపోతారని ఆ గుడ్డకి మూల ముడి వేసి పెడతాను.

నీళ్ళ సంగతి. తోటలో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. అవి బండి మీద ఆరితే తెల్లటి గుండ్రటి మచ్చలు మిగులుతాయి. అది సున్నం, ఎండకి గట్టిగా కూర్చుంటుంది. కడగడానికి బోరు నీళ్ళు వాడుకోండి కానీ చివరిసారి జాడించడానికి మాత్రం ఇంటి కుళాయి నీళ్ళు క్యాన్లలో తీసుకెళ్ళండి. మేం నాలుగు ఇరవై లీటర్ల క్యాన్లు పట్టుకెళ్తాం. అంత ఓపిక లేకపోతే కడిగిన భాగాన్ని కడిగినట్టే ఆరనివ్వకుండా తుడిచేయండి.

సర్వీసింగ్ షెడ్డులో ప్రెషర్ గన్‌తో కొట్టిస్తే ఒక జాగ్రత్త: టాప్ మీద సీలెంట్ (నీళ్ళు దిగకుండా అతుకులకి పూసే జిగురు) ఉన్న అంచులకీ, స్టిక్కర్ల అంచులకీ గన్ దగ్గరగా పెట్టనివ్వకండి. ఊడొస్తాయి.

కడిగి ఆరాక ఒక పరీక్ష. పల్చటి ప్లాస్టిక్ కవరు, కూరగాయల బండివాడు ఇచ్చేలాంటిది, చేతికి తొడుక్కుని బానెట్ మీద మెల్లగా రాయండి. ఒట్టి చేతికి నున్నగా తగిలిన చోటే కవరు వేసుకున్న చేతికి ఇసుక చల్లినట్టు గరగర తెలుస్తుంది. మొదటిసారి నాకు నమ్మకం కుదరక కవరు తీసి, వేసి, నాలుగుసార్లు చూశాను. మా బండికి ఆ గరుకు ఎక్కువగా కుడి పక్క ఉంది. ఎందుకో ఆటోనగర్లో తెలిసింది. ఫర్నిచర్ పని జరిగినన్నాళ్ళూ బండిని లారీ బాడీలు కట్టే షెడ్డు పక్కన నిలబెట్టారు. అక్కడ రోజంతా గ్రైండర్ తిరుగుతుంది. ఆ రవ్వలు వేడి ఇనుప రజను. లక్కర్ మీద పడి అతుక్కుంటాయి, తడి తగిలినప్పుడు తుప్పు పడతాయి. దగ్గరికెళ్ళి చూస్తే తెల్ల రంగు మీద మిరియప్పొడి చల్లినట్టు గోధుమరంగు చుక్కలు. తెల్ల బండ్లకి 'తుప్పు వచ్చేసింది' అని కంగారుపడి పెయింట్ వేయించుకునేవాళ్ళని చూశాను. చాలాసార్లు అది లోపలి తుప్పు కాదు, పైన పడ్డ రజనే. రైలు పట్టాల పక్కన ఇల్లున్నవాళ్ళకీ ఇదే బాధ.

దీనికి ఐరన్ రిమూవర్ అని ద్రవం దొరుకుతుంది. చల్లితే చుక్క చుక్క దగ్గరా ఊదారంగు కన్నీళ్ళలా కారుతుంది. వాసన మాత్రం కుళ్ళిన గుడ్డు, ముక్కుకి గుడ్డ కట్టుకోండి. డబ్బా మీద రాసిన నిమిషాలు దాటనివ్వకుండా కడిగేయాలి. ఆ తరవాత మిగిలిన గరుకుకి క్లే. బండ్ల కోసం ఈ పేరుతోనే అమ్మే ముద్ద, చూడటానికి పిల్లలు ఆడుకునే మట్టిముద్ద లాంటిదే. షాంపూ నీళ్ళు పుష్కలంగా చల్లుతూ, అణచకుండా, అటూ ఇటూ జార్చాలి. గుండ్రంగా తిప్పొద్దు. ముద్ద నేల మీద పడిందా, పారేయండి. కడిగి వాడదామనే పొదుపు ఇక్కడ పనికిరాదు. ఒక్క ఇసుక రేణువు చాలు, బండి పొడుగునా గీత పెట్టడానికి.

ముందు భాగంలో ఎండిన పురుగులు, కింద తారు చుక్కలు ఉంటాయి. పురుగుల మీద తడి గుడ్డ పది నిమిషాలు పరిచి ఉంచితే నాని వస్తాయి. తారుకి తార్ రిమూవర్. గోటితో, చాకుతో గీకొద్దు.

రాయి తగిలి పెచ్చు లేచిన చోట్లని ఈ సమయంలోనే చూసుకోవాలి. కందిగింజంత పెచ్చు మార్చిలో చిన్నదే. వానాకాలం దాటేసరికి దాని చుట్టూ పెయింట్ కింద తుప్పు పాకి రూపాయి బిళ్ళంత అవుతుంది. టచప్ సీసా మీ బండి రంగు నంబరు చెబితే కలిపి ఇస్తారు. సీసాతో వచ్చే బ్రష్ మొద్దుగా ఉంటుంది. అగ్గిపుల్ల చివర చెక్కి, దాంతో ఒక చుక్క పెట్టండి. ఆరనిచ్చి ఇంకో చుక్క. గుంట నిండాలి, గుట్ట లేవకూడదు. మావారు ఒకసారి నా దగ్గరున్న గోళ్ళరంగుతో పని కానిచ్చారు. దగ్గరి రంగే అనుకున్నారు. ఇప్పటికీ డ్రైవర్ తలుపు మీద బొట్టు పెట్టినట్టు కనబడుతుంది.

ఆరబెట్టడం, మైనం

కడిగిన సాయంత్రమే కప్పేయడం చాలామంది చేసే తప్పు. మేమూ చేశాం. బండి పైకి ఆరినట్టు కనిపిస్తుంది. అద్దాల బీడింగ్‌ల వెనక, సైడ్ మిర్రర్ల లోపల, తలుపు పిడుల కింద, పక్కన చుట్టి ఉండే పందిరి గుడ్డ మడతల్లో, స్టెప్నీ వెనక గుక్కెడేసి నీళ్ళు దాక్కుని ఉంటాయి. తుడిచిన గంటకి ఏ మిర్రర్ కింద చూసినా ఒక ధార మళ్ళీ కారి ఉంటుంది. తలుపులన్నీ తెరిచి, పందిరి పూర్తిగా లాగి, రెండు రోజులు నీడలో వదిలేయండి. టైముంటే మూడు.

తరవాత మైనం. కార్నౌబా మైనం ఒక రకం. అది బ్రెజిల్లో ఒక తాటిజాతి చెట్టు ఆకుల నుంచి తీస్తారు. మెరుపు బాగుంటుంది కానీ మన ఎండలకి రెండు మూడు నెలలకి మించి ఆగదు. నిలవకి పాలిమర్ సీలెంట్ మేలు, ఎక్కువ కాలం ఉంటుంది. ఇది అతుకులకి పూసే సీలెంట్ కాదు, మైనంలాగే బాడీ మీద పూసేది. ఏదైనా సరే నీడలో, చల్లటి బాడీ మీద, పల్చగా. ఒక తలుపుకి శనగగింజంత చాలు. ఎక్కువ పూస్తే ఎక్కువ రక్షణ రాదు, తుడవడానికి చెయ్యి నొప్పి వస్తుంది, అంతే. మొదటి పూత ఆరి, మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచాక, మర్నాడు రెండోది. టాప్‌కి తప్పకుండా రెండు పూతలు. నల్లటి ప్లాస్టిక్ భాగాలకి, మెరుపు లేని స్టిక్కర్లకి తగలనివ్వకండి, తెల్లగా మరకలుండిపోతాయి. ఫైబర్ సుద్ద పట్టి ఉంటే దాని మీదే మైనం పూస్తే లాభం లేదు. ముందు రబ్బింగ్ కాంపౌండ్‌తో సుద్ద పొర తీయించాలి. చేత్తో అయ్యే పని కాదు, ఆటోనగర్లో మెషిన్ ఉన్నవాళ్ళకి ఇవ్వండి.

కొబ్బరినూనె రాస్తే నిగనిగలాడుతుందని ఎవరైనా చెబితే, తలకి రాసుకోమనండి. దుమ్మంతా వచ్చి అంటుకుంటుంది.

టాప్ అంచుల నుంచి పక్కలకి నల్లటి చారలు కారడం అందరికీ ఉంటుంది. అది టాప్ మీది దుమ్ము, పాతబడ్డ రబ్బర్ బీడింగ్ నుంచి వచ్చే నలుపు కలిసి వాన నీటితో జారేది. బీడింగ్‌లకి సిలికాన్ డ్రెస్సింగ్ పూసి, టాప్ శుభ్రంగా ఉంచితే సగానికి సగం తగ్గుతుంది.

ఎక్కడ నిలబెట్టాలి

మామిడి చెట్టు కింద నీడ ఉంటుంది కదా అని మొదట్లో నేనూ అనుకున్నాను. పూత మీద తేనెమంచు పురుగు ఉన్న రోజుల్లో చెట్టు కింద ఆకులన్నీ జిగటగా ఉండటం చూసే ఉంటారు. ఆ జిగట పురుగు విసర్జించే తీపి ద్రవం. అది బండి మీదా పడుతుంది. దాని మీద నల్లటి బూజు, మసి పూసినట్టు పెరుగుతుంది. ఇక కాయ పండేటప్పటికి చిలకలు, కోయిలలు, రాత్రి గబ్బిలాలు. వేప అయితే జిగురు, చింత అయితే రాలే పూత. ఏ చెట్టూ బండికి స్నేహితుడు కాదు.

పిట్ట రెట్టలో ఉండేది యూరిక్ ఆమ్లం. అసలు దెబ్బ దానికి ఎండ తోడైనప్పుడు. వేడికి లక్కర్ మెత్తబడి సాగుతుంది, సాయంత్రం చల్లబడి బిగుసుకుంటుంది, అప్పుడు ఎండిన రెట్ట ఆకారాన్ని అచ్చు తీసుకున్నట్టు పట్టేస్తుంది. మీరు తుడిచేశాక కూడా అక్కడ గుంట కనిపిస్తుంది. రోహిణి కార్తెలో ఒక్క మధ్యాహ్నం చాలు దానికి.

అపార్ట్‌మెంట్ సెల్లార్ నయమే కానీ పైన స్లాబ్‌లో కారే చోటు లేకుండా చూసుకోండి. స్లాబ్ గుండా దిగే నీటిలో సున్నం ఉంటుంది. గాజులా గట్టి తెల్లటి చార కడుతుంది. వెనిగర్‌లో సగం నీళ్ళు కలిపి, గుడ్డ తడిపి అయిదు నిమిషాలు అదిమి ఉంచితే కరుగుతుంది. తరవాత నీళ్ళతో బాగా కడిగి, అక్కడ మళ్ళీ మైనం పూయాలి.

ఖాళీ చోటే దిక్కైతే మట్టి మీద, గడ్డి మీద వద్దు. కంకర పోయించండి లేదా సిమెంట్ గచ్చు మీద పెట్టండి. ముందు చక్రాల కింద రెండంగుళాల చెక్క వేసి ముందు వైపు కాస్త ఎత్తు చేయండి. టాప్ మీద నీళ్ళు నిలవకుండా వెనక్కి జారిపోతాయి. వెనక చక్రాలకి ఇటుకలు అడ్డం పెట్టడం మరిచిపోవద్దు.

కవరు

నా మాట అడిగితే, చేతిలో డబ్బు ఒక్కదానికే ఉంటే కవరుకీ, ఈ మధ్య అందరూ చెబుతున్న సిరామిక్ పూతకీ కాకుండా షెడ్డుకి పెట్టండి. నాలుగు స్తంభాలు, పైన రేకులు, పక్కలు ఖాళీ. 2025లో మా తమ్ముడు ట్రాక్టర్ కోసం వేసిన షెడ్డుని ఇంకో పన్నెండు అడుగులు పెంచి మాకు ఇచ్చాడు. అప్పటి నుంచి కవరే వాడటం లేదు. పడమటి ఎండ పక్క నుంచి కొడుతుంటే, షెడ్డు అంచుకి ఆకుపచ్చ నెట్ కట్టాం, బండికి అడుగున్నర దూరంలో, తగలకుండా.

షెడ్డు లేనప్పుడు కవరు తప్పదు. కొట్లో కొనేటప్పుడు నేను చేసే పని చూసి కుర్రాళ్ళు నవ్వుకుంటారు. గుడ్డని నోటికి ఆనించి ఊదుతాను, అవతల అరచెయ్యి పెడతాను. చేతికి గాలి కాస్తైనా తెలియాలి. తెలియకపోతే అది పట్టాకి తమ్ముడే, ఎంత ఖరీదైనా. 'వాటర్‌ప్రూఫ్' అని అమ్మేవాళ్ళు ఎక్కువ. నీళ్ళు లోపలికి రాకపోవడం కన్నా లోపలి ఆవిరి బయటికి పోవడం మనకి ముఖ్యం. లోపలి వైపు మెత్తగా ఉండాలి. కొలత సరిగ్గా ఉండాలి, వదులుగా ఉంటే గాలికి కొట్టుకుంటుంది.

కప్పే ముందు మూలలు చూసుకోండి. టాప్ మీది రాక్, సోలార్ పలక అంచులు, నిచ్చెన మెట్లు, అద్దాలు. కవరు చిరిగేదీ, పెయింట్ అరిగేదీ అక్కడే. ఏసీ పైపుల మీద తొడిగే నల్ల స్పాంజి గొట్టం మీటర్లలో అమ్ముతారు. నిలువునా కోసి అంచులకి తొడిగి, పైన పాత తెల్ల పంచె ముక్క చుట్టి కట్టండి. పంచె ఎందుకంటే నల్ల స్పాంజి ఎండకి అరిగి మరక పెడుతుంది. తాళ్ళు వాడొద్దు. వెడల్పాటి బెల్టులు, అవి కూడా బాడీని నేరుగా తాకకుండా. దుమ్ము పట్టిన బండి మీద కవరు వేయొద్దు. మళ్ళీ కడగడానికి బద్ధకమైతే ఆ రోజు కప్పకుండా ఊరుకోండి, అదే నయం.

పదిహేను రోజులకోసారి

నేను అసలు చెప్పదలచుకున్నది ఇదే. మిగతావన్నీ సరిగ్గా చేసి ఇది మానేస్తే లాభం లేదు. బండి దగ్గరికి వెళ్ళాలి. మేం నెలకి రెండు ఆదివారాలు పెట్టుకున్నాం. మా పాత హాజరు పట్టీ ఒకటి మిగిలితే దాంట్లో రాస్తున్నాను: తేదీ, ఏం చూశాను, ఏం చేశాను.

ముందు కర్రతో కవరు నాలుగు పక్కలా తట్టండి. ఒకసారి కవరు మడతలోంచి జెర్రిపోతు పాకుతూ వచ్చింది, అప్పటి నుంచి ఈ నియమం. తరవాత కవరు ఒక పక్క పూర్తిగా ఎత్తి, లోపల చెయ్యి పెట్టి చూడండి. చెమ్మగా ఉంటే ఆ రోజు కవరు మొత్తం తీసి ఎండలో ఆరబెట్టి సాయంత్రం కప్పాలి. రెట్ట ఏమైనా ఉంటే తడి గుడ్డ పరిచి నానబెట్టి, ఎత్తినట్టు తీయాలి, రుద్దకూడదు. కందిరీగలు పెట్టిన మట్టి గూళ్ళు తలుపు సందుల్లో కనిపిస్తాయి. అవి కూడా నానబెట్టే తీయండి, పొడిగా గీకితే పెయింట్ గీసుకుపోతుంది. పది నిమిషాలు తలుపులు తీసి ఉంచండి. అంతే, గంట పని.

2024లో ఈ గంట పని విలువ తెలిసింది. సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్ నగర్, పాయకాపురం మునిగాయి. మేం నున్న వెళ్ళే దారి అదే. పది రోజుల పైనే తోటకి వెళ్ళలేకపోయాం. జనం డాబాల మీద నిలబడి మంచినీళ్ళ కోసం ఎదురుచూస్తుంటే బండి పెయింట్ మాట ఎత్తడానికి నోరు రాలేదు. తోట మెరక మీద ఉంది కాబట్టి నీళ్ళు రాలేదు కానీ వానకి కవరు నానిపోయి ఉంటుందని తెలుసు. దారి తెరుచుకున్నాక వెళ్ళి తీసి చూశాం. ఆ ఏడాది గాలి ఆడే కవరు, కింద కంకర. పొక్కు ఒక్కటి లేదు. ఉత్తరం పక్కన మాత్రం నల్లటి బూజు చుక్కలు. ఒక వంతు వెనిగర్, మూడు వంతుల నీళ్ళు కలిపి తుడిస్తే పోయాయి. ముందటి ఏడాదిలాగే ఆ నీలం పట్టా కింద ఉండి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోలేను.

దీపావళి లోపు బండి బయటికి తీయనివాళ్ళు ఆ రెండు రోజులూ కవరు తీసేయండి. తారాజువ్వ ఒకటి వచ్చి సింథటిక్ గుడ్డ మీద పడితే పెయింట్ గురించి ఆలోచించే అవసరం ఉండదు.

తీసే రోజు

కవరుని ఒక చివర పట్టుకుని లాగితే దాని మీది దుమ్మంతా బండి మీద ఈడ్చినట్టే. ఇద్దరు చెరో పక్క స్టూలెక్కి, పక్కల్ని పైకి మడిచి, టాప్ మధ్యలోకి తెచ్చి, ముందు నుంచి వెనక్కి చాపలా చుట్టాలి. దుమ్ము లోపల ఉండిపోతుంది. దింపాక ఎంత ముచ్చటేసినా పొడి గుడ్డతో తుడవొద్దు, ముందు నీళ్ళు. టాప్ ఎక్కి సీలెంట్ పగుళ్ళు చూసుకోండి. పక్కల్లో పైనుంచి కిందికి పొక్కుల వరస కనిపిస్తే చాలాసార్లు కారణం అక్కడే ఉంటుంది, పైనుంచి నీళ్ళు రేకు వెనక దిగుతున్నాయన్నమాట. అప్పుడు పెయింటర్ కన్నా ముందు సీలెంట్ పూసేవాడిని పిలవాలి.

కవరుని ఉత్త నీళ్ళతో కడిగి, రెండు వైపులా బాగా ఎండనివ్వండి. సబ్బు పెడితే దాని మీది పూత పోతుంది. మా కవరు ఇప్పుడు షెడ్డు దూలానికి వేలాడుతోంది, ఎలుకలకి అందకుండా. దాని పక్కనే ఆ నీలం పట్టా కూడా ఉంది. మా తమ్ముడు కట్టెల మీద కప్పుకుంటున్నాడు.